మా నాయనమ్మ కొట్టేసిన చిరునవ్వు

మొన్న ఆదివారం నందిగామలో మా తమ్ముడి ఇంటికి వెళ్తే, వాడి కూతురు నోట్‌బుక్కులో ఏదో చూసి రాస్తోంది. మూడో తరగతి పిల్ల. తొంగి చూశాను. ‘మా ఊరి బస్టాండు’ అని శీర్షిక. దాని కింద, "అనునిత్యం జనసందోహంతో కళకళలాడే మా బస్టాండు ప్రగతికి ప్రతీక" అని ఉంది. పాలపళ్ళు ఇంకా రెండు ఊడాల్సిన పిల్లకి జనసందోహం ఎక్కడ దొరికిందని అడిగాను.

"అమ్మ ఫోన్లో అడిగి రాయించింది అత్తా."

"మరి నువ్వు రాసిందేదే?"

పేజీ వెనక్కి తిప్పింది. రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం పల్చబడిపోయింది. వెలుగుకి పట్టుకుని చూస్తే రెండే వాక్యాలు మిగిలాయి. ‘బస్సు వెనక్కి వచ్చేటప్పుడు కండక్టరు బస్సుని చేత్తో కొడతాడు. దానికి నొప్పి పుట్టదు.’

నేను జనసందోహం పేజీని చింపేశాను. ఆ చప్పుడికి మా మరదలు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"వదినా, రేపు స్కూల్లో ఇవ్వాలది."

"ఇదిగో, ఇది ఇస్తుందిలే."

"అన్నీ తప్పులే ఉన్నాయి అందులో."

"ఉంటే అదే దిద్దుకుంటుంది."

"ఎనిమిదేళ్ళ పిల్ల ఏం దిద్దుకుంటుంది, మీరు మరీను."

ఆ మాటకి జవాబు అక్కడ నిలబడి చెప్పేది కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నేను చెప్పేవాటిలో సగమే నమ్మాలని మా ఇంట్లోవాళ్ళు కొత్తవాళ్ళకి ముందే చెప్పి పెడతారు. ఏ సగమో మాత్రం వాళ్ళకీ తెలియదు.

అప్పట్లో మా జగ్గయ్యపేటకి రెండు వాసనలుండేవి. ఏడాది పొడుగునా సున్నపురాయి దుమ్ము వాసన. క్వారీల నుంచి వచ్చే లారీలు దాన్ని ఇంటింటికీ పంచిపెట్టేవి, ఆరేసిన బట్టలకీ, మేం తినే చద్దన్నానికీ కూడా. శివరాత్రి దాటిందంటే దాని మీదికి మిరపకాయల ఘాటు వచ్చి కూర్చునేది. ఊరి చుట్టూ కల్లాల్లో ఎండుమిరప పరిచేవాళ్ళు. దూరం నుంచి చూస్తే నేలకి నిప్పంటుకున్నట్టుండేది. ఆ రెండు నెలలూ ఊరు ఊరంతా తుమ్మేది. ప్రార్థన మధ్యలో బడిపిల్లలందరం ఒక్కసారే తుమ్మితే పైనుంచి రెండు పెంకులు జారిపడ్డాయని నేను చాలామందికి చెప్పాను. ఒక పెంకు మాత్రం నిజం.

ఆ ఏడు నాది ఐదో తరగతి. మాకు కొత్త టీచరు వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. చేతిసంచిలో బెత్తం ఉండేది కాదు, కత్తెర ఉండేది. వచ్చిన రోజునే మా రబ్బర్లన్నీ అడిగి తీసుకుని ఒక గాజు సీసాలో వేసి బీరువా మీద పెట్టేశారు.

"తప్పు రాస్తే ఎట్టాగండీ?" అన్నాను.

"దాని మీద ఒక గీత కొట్టు. కింద ఏముందో కనపడాలి."

"కొట్టేశాక కనపడ్డం ఎందుకండీ?"

"రేపు అదే బాగుందనిపిస్తే ఎక్కడ వెతుక్కుంటావ్?"

ఎర్ర సిరా ఆవిడ దగ్గర లేనే లేదు. మేం రాసినదాని మీద ఆవిడ కలం ఒక్కసారి కూడా ఆనలేదు. మేం రాసుకొచ్చింది చూపిస్తే, "నాకెందుకు? ఎవరి గురించి రాశావో వాళ్ళకి చదివి వినిపించు. ఆ తర్వాత ఆ సంగతేమీ తెలియని మనిషికి వినిపించు. ఎక్కడ మొహం చిట్లిస్తారో అక్కడ గుర్తు పెట్టుకుని రా" అనేవారు. అలా మా క్లాసు ముప్పైమందిమీ నోట్‌బుక్కులు పట్టుకుని ఊరి మీద పడ్డాం. చాకలి మామకి ఒకడు, ఇడ్లీలమ్మే మామ్మకి ఒకతి. గేదె గురించి రాసినవాడు గేదెకే చదివాడు. మూడో వాక్యం దగ్గర అది మొహం తిప్పేసుకుంటే ఆ వాక్యం నిజంగానే కొట్టేసుకొచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం అసలు పని. వరండాలో బోర్లా పడుకుని, రాసినదాన్ని కత్తెరతో వాక్యం వాక్యంగా కత్తిరించేవాళ్ళం. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో ముక్క మీద ఒక్కో సున్నపురాయి పలుకు పెట్టేవాళ్ళం. తర్వాత ఆ ముక్కల్ని పైకీ కిందికీ జరపడం. మొదటిది చివరికి పోతే ఎలా ఉంటుంది, మధ్యది తీసేస్తే ఏమవుతుంది, అంతే పని. వరస కుదిరిందనిపించాక మధ్యాహ్నం క్యారేజీలో దాచుకున్న అన్నం మెతుకులతో వాటిని కొత్త కాగితం మీద అంటించేవాళ్ళం. ఆ రోజుల్లో నా కథలన్నీ గోంగూర వాసన వేసేవి.

మెతుకుల కోసం బడి వెనకింటి మేక వచ్చేది. ఒక శుక్రవారం నేను రాయి పెట్టడం మరిచిపోయిన ముక్కని అది నోట కరుచుకుని నమిలేసింది.

"టీచర్, మేక నా నీతి తినేసిందండీ" అని ఏడ్చాను. కథ చివర ‘దీనివల్ల మనము తెలుసుకొనవలసిన నీతి ఏమనగా’ అని రాసిన ముక్క అది.

"అది లేకుండా చదువు."

చదివాను.

"ఏమన్నా తగ్గిందా?"

"లేదండి."

"అయితే మేకకి థాంక్స్ చెప్పు."

చెప్పాను. ఆ పై వారం నుంచి క్లాసులో అందరూ తమ తమ నీతుల్ని కావాలనే మేకకి పెట్టడం మొదలుపెట్టారు. ఉగాదికల్లా అది దూడంత అయిందని చెప్తుంటాను.

మా హెడ్మాస్టారికి ఇదంతా కంటగింపుగా ఉండేది. చెడ్డమనిషి కాదు. గుండ్రటి అక్షరాలంటే, శుభ్రమైన పేజీ అంటే ఆయనకి ప్రాణం. వరండాలో కాగితం ముక్కలు చూసి, "ఇది బడా, దర్జీ కొట్టా?" అని దాటుకుంటూ వెళ్ళేవారు.

ఇంతలో నందిగామలో చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి వ్యాసాల పోటీ పెట్టారు. రాసుకొచ్చింది వేదికెక్కి చదవాలి. విషయం ‘నేను మెచ్చిన వ్యక్తి’. క్లాసులో గొంతు పెద్దది నాదే కాబట్టి నన్ను ఎంచారు. అందరూ దేశనాయకుల్ని రాస్తారని తెలిసి, నేను మా నాయనమ్మని రాశాను. కల్లంలో చిరుతపులి మీద పడబోతే, మా నాయనమ్మ చేటలో ఉన్న మిరప దుమ్ము దాని మొహాన కొట్టి తరిమేసిన కథ అది.

రాసి, రివాజు ప్రకారం ఆవిడకి వినిపించడానికి కల్లానికి వెళ్ళాను. నాయనమ్మ మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి తాలు ఏరుతోంది. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఎర్రకాయల్లోంచి దాన్ని ఒక్కొక్కటీ ఏరి పక్కన పడేయాలి. పొద్దున్నుంచీ అదే పని. పక్కన మజ్జిగన్నం ముంత, దాని మీద ఉల్లిపాయ.

"నీ గురించి రాశా, విను" అని అందుకున్నాను. "తెల్లని వస్త్రములు ధరించి, చిరునవ్వు చిందిస్తూ, మా నాయనమ్మ మిరపకాయలు ఏరుచుండగా..."

"ఆగాగు. నేనెప్పుడు చిరునవ్వు చిందించానే?"

"పెద్దవాళ్ళని అట్టాగే రాస్తారు నాయనమ్మా."

"కళ్ళూ ముక్కూ కారిపోతుంటే చిరునవ్వెక్కడిదే? ఆ తెల్లబట్టలేంటి, నేనేమన్నా నర్సునా?"

"చిందించావులే అత్తా, పిల్ల ముచ్చటపడి రాసుకుంది" అంది పక్కన ఏరుతున్న పిన్ని.

"నాకొద్దు. తాలది. తీసెయ్."

చేటలోంచి తెల్లకాయని గిరాటేసినట్టే వేళ్ళు విదిలించింది. అక్కడే కూర్చుని చిరునవ్వు మీద గీత కొట్టాను. పులికి మాత్రం ఆవిడ అడ్డు చెప్పలేదు. అంతా విని, "ఇంతకీ ఎటు పోయింది?" అని అడిగింది.

"రాయలేదు."

"అంత పులి వస్తే ఎటు పోయిందో రాయవా? పాలేటి వైపు పోయిందని రాయి. ఆ మంటకి నీళ్ళలో మూతి పెట్టాలిగా."

ఇక ఏమీ తెలియని మనిషి కావాలి. బస్టాండు దగ్గర సైకిళ్ళకి పంక్చర్లేసే సాయిబు తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన ట్యూబుని నీళ్ళ పళ్ళెంలో కొంచెం కొంచెంగా తిప్పుతూ నా కథ మొత్తం విన్నాడు.

"బాగుందమ్మా. మరి అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"ఎక్కడో ఉన్నా."

"మీ నాయనమ్మ చేట ఏ చేత్తో పట్టిందో రాశావ్. ఎన్నిసార్లు తుమ్మిందో రాశావ్. దగ్గర్లోనే ఉండుంటావే."

నీళ్ళలో చిన్న బుడగ లేచింది. "ఇదిగో, ఇక్కడుంది" అని ట్యూబు మీద గుర్తు పెట్టి, తన పనిలో తను పడిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఎందుకంటే కల్లంలోకి వచ్చింది పులి కాదు. పిచ్చికుక్క. నోట నురగలు కక్కుకుంటూ వచ్చింది. అందరూ చెల్లాచెదరయ్యారు. నాయనమ్మ నన్ను వెనక్కి నెట్టి, చేట అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను ఆవిడ వెనక నిలబడలేదు. ఆవిడనక్కడ వదిలేసి కల్లం దాటి, చేలు దాటి పరిగెత్తాను. కుక్కని పులిని చేస్తే నా పరుగు ఎవరికీ కనపడదని నా ఎత్తు.

శుక్రవారం కొత్తగా ఒక ముక్క రాశాను. ‘నేను పారిపోయాను.’ రెండే మాటలు. దాన్ని ఎక్కడ పెట్టాలో తేలడం లేదు. మొదట్లో పెడితే కథ నాయనమ్మది కాకుండా నాదైపోతోంది. చివర పెడితే మేక తినాల్సిన ముక్కలా ఉంది. అరగంట జరిపాను. పులి దూకిన ముక్కకీ, నాయనమ్మ చేట ఎత్తిన ముక్కకీ మధ్య పెట్టి చూస్తే కదలకుండా కూర్చుంది. టీచరు వచ్చి నా పక్కనే నేల మీద చతికిలబడి చదివారు.

"పులేనా, ఇంకేమన్నానా?"

"పులేనండి."

"పారిపోయింది నువ్వేనా?"

"నేనేనండి."

"సరే, రెండూ ఉంచు."

మెతుకులతో అంటించిన ఆ కాగితం హెడ్మాస్టారి బల్ల మీదికి చేరింది. ఆయన గదికీ మా క్లాసుకీ మధ్య ఉన్నది చెక్క తడిక. అంతా వినపడింది.

"పోటీకి పంపేది ఇదా అమ్మా? చీమలు పట్టాయి దీనికి."

"అది ఆ పిల్ల పేజీ అండి."

"నేనొకటి రాసి పెట్టాను. కంఠస్థం చేసి చదివితే ప్రైజు ఖాయం."

"అది మీ పేజీ అండి."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత హెడ్మాస్టారు, "సరేనమ్మా. పిల్ల తనది చదువుకుని ఉత్త చేతుల్తో వస్తే శుక్రవారం పీరియడు నేను తీసుకుంటాను. మీరు ఒకటో తరగతికి వెళ్ళండి. కత్తెరలూ మెతుకులూ అక్కడితో ఆఖరు" అన్నారు.

"అలాగే అండి" అన్నారు టీచరు.

రెండు కాగితాలూ నా చేతికే వచ్చాయి. "ఏది చదువుతావో నువ్వే తేల్చుకో" అన్నారావిడ, అంతకు మించి చెప్పలేదు. తేల్చుకోవడమా? ఆయనది చదివితే శుక్రవారం మాకు మిగులుతుంది. నాది చదివితే పోవచ్చు. నా ఒక్కదాని శుక్రవారం కాదు, ముప్పైమందిది.

నాకు తోడు నాయనమ్మ బయల్దేరింది. బస్సులో నందిగామ దాకా మూటలోంచి పెరుగన్నం, మాగాయ ముక్క వాసన. పోటీ జరిగే హాలు నిండా పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు. వేదిక మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్ళ ముందు టైమైపోతే కొట్టే గంట. నా పేరు పిలిచేసరికి మా శుక్రవారాన్ని కాపాడాలనే తేల్చుకున్నాను. హెడ్మాస్టారి కాగితం విప్పి, "మహోన్నత వ్యక్తిత్వము మూర్తీభవించిన ఆ మహనీయుడు" అని ఎత్తుకున్నాను.

మూడో వరసలో నాయనమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచి, "మా మనవరాలు" అని చెప్పింది. చెప్పి, మెడ చాచి హాలంతా వెతకడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు అర్థమైంది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకి వినిపించాలని కదా ఆవిడకి తెలిసిన పద్ధతి. ఆ మహనీయుడు ఏ కుర్చీలో ఉన్నాడో చూస్తోంది. ఎక్కడా కనపడక, "ఆయనెవరో పాపం రానట్టుంది" అని పక్కావిడతో అంది. ఆవిడ గొంతే నాకొచ్చింది, హాలంతా వినపడింది.

నేను ఆ కాగితం మడిచేశాను. నాది తీశాను. మెతుకులెండి ముక్కలు లేచిపోతుంటే బొటనవేలితో అదిమిపెట్టి చదివాను. కళ్ళూ ముక్కూ కారుతూ తాలు ఏరుతున్న మా నాయనమ్మ, దూకిన పులి. ఆ తర్వాతి ముక్క మీదికి బొటనవేలు జరిపాను. "నేను పారిపోయాను" అన్నాను.

నాయనమ్మ లేచి నిలబడింది.

"తిరిగొచ్చావుగా, అది రాయలేదేం?"

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆవిడకదేమీ పట్టలేదు. న్యాయనిర్ణేతల వైపు తిరిగి, "కర్ర తీసుకుని తిరిగొచ్చింది అయ్యా. దీనికంటే కర్రే పొడుగు. ఏడుస్తూనే వచ్చింది" అని చెప్పి కూర్చుంది.

పారిపోవడం అంత బాగా గుర్తున్న నాకు తిరిగి రావడం గుర్తే లేదు. కానీ కథలో ఉన్న మనిషి చెప్పాక రాసుకోవద్దూ? న్యాయనిర్ణేత బల్ల మీద పెన్సిలుంటే అడిగి తీసుకుని, వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని, మార్జిన్లో ‘కర్ర తీసుకుని తిరిగి వచ్చాను’ అని రాశాను. రాయడం అయ్యేలోపే గంట కొట్టేశారు. చివరి వాక్యాలు గంట మోగుతుండగానే చదివాను, దాని చప్పుడు కంటే గట్టిగా.

ప్రైజు రాలేదు. ఈ ప్రాంతంలో చిరుతపులులు లేవన్నది ఒక కారణం. వేదిక మీద రాసుకోవడం నిబంధనలకి విరుద్ధమన్నది రెండోది. తిరుగు బస్సులో నాయనమ్మ, "వాళ్ళకేం తెలుసే, కల్లానికి వచ్చి చూశారా" అంటూ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది.

పై శుక్రవారం టీచరు ఒకటో తరగతి గదిలోకి వెళ్ళారు. మాకు హెడ్మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చుని, ‘మా ఊరి కార్మికుడు’ చెప్పి రాయించారు. "కార్మికుడు ఉదయముననే లేచి, సంతోషముతో పాటలు పాడుకొనుచు పనికి పోవును. క్వారీలోని దుమ్ము అతనికి చందనముతో సమానము." గుండ్రంగా, కొట్టివేతల్లేకుండా రాశాం. అందరివీ ఒకటే పేజీ. ముప్పై నోట్‌బుక్కులు.

మాలో ఎవరికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనే చెప్పానని కొందరంటారు, కాదనను. సోమవారం నోట్‌బుక్కులు బల్ల మీదికి చేరాక హెడ్మాస్టారు మొదటిది తెరిచారు. తర్వాతది తెరిచారు.

"ఏంట్రా ఈ గీతలు?"

"మా నాన్నకి చదివి వినిపించానండి" అని మొదటి బెంచీవాడు లేచాడు. "చందనం దగ్గర ఆపమన్నాడండి. చందనమైతే మీ హెడ్మాస్టార్ని వచ్చి పూసుకోమను అన్నాడండి."

"మా అమ్మ పాటలు కొట్టేయమందండి. క్వారీలో నోరు తెరిస్తే దుమ్ము పోద్దంట."

ఒక్కొక్కరే లేస్తున్నారు. ఆయన మొహం కందిపోతోంది. చెయ్యి బెత్తం మీదికి వెళ్ళింది. అప్పుడు చివరి బెంచీలోంచి, ఎప్పుడూ మాట్లాడని పిల్లొకతి లేచింది.

"మా బాబాయి ఏమీ అన్లేదండి. ఆయనకి దగ్గొచ్చింది. తగ్గేదాకా కూర్చున్నానండి. తర్వాత నేనే ‘సంతోషముతో’ కొట్టేశానండి."

హెడ్మాస్టారు బెత్తం మీంచి చెయ్యి తీసి, తన కాగితాన్నే చాలాసేపు చూశారు.

"మరి ఏం రాయమన్నాడు మీ బాబాయి?"

"అడగలేదండి."

"వెళ్ళి అడిగి రా."

ఆ పిల్ల ఇల్లు బడి వెనక సందులోనే. పరిగెత్తుకుంటూ వెళ్ళి, అంతే వేగంగా వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, రొప్పుతూ చెప్పింది. "‘నా పిల్లల్ని ఈ పనికి పంపను’ అని రాయమన్నాడండి."

ఆయన చాక్‌పీసు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళారు. ఒక్క మాట మార్చకుండా, అందమైన తన గుండ్రటి అక్షరాలతో రాశారు. మేం చూసి రాసుకున్నాం. ఆ శుక్రవారం టీచరు కత్తెరతో సహా మా వరండాలోకి తిరిగొచ్చారు.

ఇప్పుడా బడి ఉన్నచోట వరసగా షట్టర్ల కొట్లున్నాయి. మేం బోర్లా పడుకున్న నేల మీద సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నాయనమ్మ లేదు. టీచరు ఏ ఊళ్ళో ఉన్నారో, అసలున్నారో లేదో తెలియదు. కానీ పిల్లల రాతని శుభ్రం చేసి పెడతామని ఎవరొచ్చినా, అది ఫోనైనా సరే, నాకు ఆ సోమవారం సాయంత్రమే కళ్ళముందుకొస్తుంది. గంట కొట్టారు. బోర్డు తుడిచే వంతు నాది. డస్టరు పట్టుకుని నిలబడ్డాను. హెడ్మాస్టారు గుమ్మంలోంచి చూసి, "రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు, తుడిచెయ్యమ్మా" అన్నారు.

"తుడవనండి" అన్నాను.

ఆయన బోర్డు వంక చూశారు. నా వంక చూశారు. దగ్గరికొచ్చి, డస్టరు నా చేతిలోంచి తీసుకుని, తన సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఆ వాక్యం చూసి ఏమన్నాడో నేను నాలుగు రకాలుగా చెప్తుంటాను. డస్టరు సంగతి మాత్రం ఎప్పుడు చెప్పినా ఒక్కలాగే చెప్తాను.